కౌజు పిట్ట తినే పాతిక గ్రాముల్లో ఏముండాలి? గుడ్ల దిగుబడి వెనుక శక్తి, మాంసకృత్తుల లెక్క

గుడ్లు పెట్టే కౌజు పిట్ట బరువు సుమారు 150 గ్రాములు. అది పెట్టే గుడ్డు 10 నుంచి 12 గ్రాములు. అంటే ఒంటి బరువులో 7, 8 శాతం. కిలోన్నర బరువున్న లేయర్ కోడి పెట్టే 55 గ్రాముల గుడ్డు దాని ఒంటి బరువులో 4 శాతానికి కూడా రాదు. ఇంత చిన్న పిట్ట ఆరేడు వారాల వయసుకే గుడ్డుకొస్తుంది. మేపు సరిగా ఉంటే ఏడాదిలో 250కి పైగా గుడ్లు పెడుతుంది. ఇంత పనికీ అది రోజుకు తినేది పాతిక గ్రాముల దాణా. అందులో ఏది తక్కువైనా గుడ్ల బుట్టలో వెంటనే తెలిసిపోతుంది.

మన దగ్గర పెంచుతున్నది జపాన్ జాతి కౌజు. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు తెచ్చారు. అక్కడి నుంచే దేశమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కోళ్ల పరిశ్రమకున్న బలం వల్ల షెడ్డు, బోన్లు, మందులు దొరకడం కష్టం కాలేదు. దాణా దగ్గరే చిక్కు. కౌజుల కోసమే తయారు చేసిన దాణా అన్ని ఊళ్లలోనూ దొరకదు. అందుకని పిల్లలకు బ్రాయిలర్ దాణా, గుడ్లు పెట్టే పిట్టలకు కోడి లేయర్ దాణా వేసి నడిపించేవారు చాలామంది. ఆ లేయర్ దాణాలో ప్రొటీన్ సాధారణంగా 16 నుంచి 18 శాతం. కౌజుకు 20 కావాలని పుస్తకాలు చెబుతాయి. రెండు మూడు శాతమే కదా, పోతే ఏం పోతుందన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. దానికి జవాబు ప్రొటీన్ శాతం ఒక్కదాన్నే చూస్తే దొరకదు. పక్కనే ఉన్న శక్తి అంకెతో కలిపి, పిట్ట రోజుకు ఎన్ని గ్రాములు తింటోందన్నది చూసి లెక్క కట్టాలి.

ఆ లెక్క ఇలా ఉంటుంది. పక్షుల పోషక అవసరాలపై అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ప్రచురించిన పట్టికలు ఇప్పటికీ మూల కొలమానం. గుడ్లు పెట్టే జపాన్ కౌజుకు కిలో దాణాలో 2,900 కిలో కేలరీల జీవక్రియా శక్తి (అరిగాక ఒంటికి పనికొచ్చే శక్తి), 20 శాతం మాంసకృత్తులు (ప్రొటీన్), వాటిలో భాగమైన అమైనో ఆమ్లాల్లో 1.0 శాతం లైసిన్, 0.45 శాతం మిథియోనిన్, వీటితో పాటు 2.5 శాతం కాల్షియం ఉండాలని అవి సూచిస్తాయి. ఈ దాణా రోజుకు 25 గ్రాములు తిన్న పిట్టకు 72 కిలో కేలరీలకు పైగా శక్తి, 5 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. 10 గ్రాముల గుడ్డులో పెంకు తీసేస్తే మిగిలే తొమ్మిది గ్రాముల్లో మాంసకృత్తులు 1.2 గ్రాములు, శక్తి 14 కిలో కేలరీలు. అంటే తిన్న మాంసకృత్తుల్లో పావు వంతు, తిన్న శక్తిలో ఐదో వంతు మాత్రమే గుడ్డులోకి చేరుతున్నాయి.

మిగతాదంతా పిట్ట బతకడానికే పోతుంది. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, వేడి త్వరగా బయటికి పోతుంది, దాన్ని నిలుపుకోవడానికి ఖర్చూ ఎక్కువే. కోడి బరువు కౌజుకు పది రెట్లున్నా, తినేది మాత్రం నాలుగు, నాలుగున్నర రెట్లే. అందుకే కిలో కోడిగుడ్లకు రెండు కిలోల పైచిలుకు దాణా సరిపోతే, కిలో కౌజు గుడ్లకు మూడు కిలోలు దాటుతుంది. ఈ బతుకు ఖర్చు తీరాకే గుడ్డు వంతు వస్తుంది. దాణాలో శక్తి చాలకపోతే పిట్ట మొదట తన ఒంటిని కాపాడుకుంటుంది. గుడ్డు వెనకబడుతుంది.

శక్తికి, మాంసకృత్తులకు ఉన్న ముడి ఇక్కడే బయటపడుతుంది. చాలావరకు పక్షులు శక్తి అవసరం తీరేదాకా తింటాయి, తీరాక ఆపేస్తాయి. ప్రొటీన్ సరిపోయిందా లేదా అన్నది వాటి ఆకలిని అంతగా శాసించదు. రోజుకు 72.5 కిలో కేలరీలు కావాల్సిన పిట్టనే తీసుకుందాం. కిలోకు 2,900 కేలరీలున్న (ఇక్కడి నుంచి కేలరీలంటే కిలో కేలరీలే) దాణా అయితే 25 గ్రాములు తిని ఆగుతుంది. 2,600 ఉన్న దాణా అయితే దాదాపు 28 గ్రాములు తినాలి. అదే 3,100కు పెంచితే 23.4 గ్రాములకే కడుపు నిండుతుంది. మూడింటిలోనూ బస్తా మీద 20 శాతం ప్రొటీన్ అనే రాసి ఉన్నా, పిట్టకు అందేది వరుసగా 5 గ్రాములు, 5.6 గ్రాములు, 4.7 గ్రాములు. శాతం మారలేదు, అందిన ప్రొటీన్ మాత్రం దాదాపు గ్రాము తేడా వచ్చింది. ఒక గుడ్డులో ఉండే మొత్తం మాంసకృత్తులే 1.2 గ్రాములైనప్పుడు ఇది చిన్న తేడా కాదు.

ప్రొటీన్ పెంచకుండా మొక్కజొన్న, నూనె పెంచి దాణాకు బలం చేశామనుకోవడం అందుకే పొరపాటు. శక్తి పెరిగిన కొద్దీ తినేది తగ్గుతుంది, ప్రొటీన్, కాల్షియం, విటమిన్లు కూడా దాంతో పాటే తగ్గుతాయి. పైగా మిగిలిన శక్తి పొట్టలో కొవ్వుగా, కాలేయంలో కొవ్వుగా పేరుకుంటుంది. పిట్ట చూడ్డానికి బొద్దుగా ఉంటుంది, గుడ్లు తగ్గుతాయి. శక్తి పెంచితే ప్రొటీన్‌నూ అదే పాళ్లలో పెంచాలి. పై ప్రమాణాల ప్రకారం ప్రతి ఒక శాతం ప్రొటీన్‌కు 145 కిలో కేలరీలు. ఆ నిష్పత్తిని దృష్టిలో పెట్టుకుంటే 2,600 కేలరీల దాణాకు 18 శాతం ప్రొటీన్ ఉన్నా లెక్క సరిపోతుంది. ఆశ్చర్యంగా అనిపించినా, కోడి లేయర్ దాణాతో కొన్ని ఫారాలు నెట్టుకురావడానికి కారణం ఇదే. 17 శాతం ప్రొటీన్, 2,600 కేలరీల దాణాను పిట్ట 28 గ్రాములు తినగలిగితే 4.76 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. లోటు ఉంది, కానీ భయపడినంత లేదు.

తినగలిగితే అన్న మాటే కీలకం. కౌజు పొట్ట చిన్నది. తవుడు, పొద్దుతిరుగుడు చెక్క లాంటి పీచు సరుకు ఎక్కువ పడితే దాణా ఉబ్బి, కేలరీలు చాలకముందే పొట్ట నిండిపోతుంది. ఇక వేసవి. కౌజులకు 18 నుంచి 25 డిగ్రీల మధ్య హాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అవి ముక్కులు తెరిచి రొప్పుతూ తొట్టి వైపే చూడవు. ఆ రోజుల్లో తిండి 22 గ్రాములకు పడిపోతే, అదే కోడి దాణాతో అందేది 3.7 గ్రాముల మాంసకృత్తులు, 57 కిలో కేలరీలు. జనవరిలో ఫరవాలేదనిపించిన దాణా మే నెలలో ముంచేది ఇందుకే. దాణా కంపెనీ మోసం చేసిందని అప్పుడు చాలామంది అనుకుంటారు. బస్తాలో సరుకు మారి ఉండకపోవచ్చు, తిన్న గ్రాములు మారాయి.

మాంసకృత్తులు తగ్గితే గుడ్డులో ఏం జరుగుతుందో తెలియాలంటే గుడ్డు తయారయ్యే తీరు చూడాలి. పచ్చసొనకు కావాల్సిన ముడిసరుకు కాలేయంలో తయారై రక్తంలో కలిసి అండాశయానికి చేరుతుంది. కౌజులో ఒక్కో సొన చివరి ఐదారు రోజుల్లోనే వేగంగా పెరిగి పూర్తి పరిమాణానికొస్తుంది. తెల్లసొన సంగతి వేరు. సొన గర్భనాళంలోకి జారాక, కొద్ది గంటల్లోనే దాని గోడల్లోని గ్రంథులు తెల్లసొన మాంసకృత్తులను దాని చుట్టూ చేరుస్తాయి. ఆ తరువాత గుడ్డు పంతొమ్మిది, ఇరవై గంటల పాటు పెంకు ఏర్పడే సంచిలో ఉంటుంది. అందుకని ప్రొటీన్ కొంచెం కొరవడితే ముందు దెబ్బ తినేది సంఖ్య కాదు, బరువు. తెల్లసొన పలచబడి, గుడ్డు 11 గ్రాముల నుంచి 10కి, 10 నుంచి 9కి దిగుతుంది. లోటు ఇంకా పెరిగితే అప్పుడు కొత్త సొనలు ఎదగడం మందగించి సంఖ్య పడిపోతుంది. గుడ్లు లెక్కపెట్టడమే తప్ప తూకం వేయని చోట మొదటి హెచ్చరిక ఎవరి కంటా పడదు.

సొన పెరగడానికి పట్టే ఆ ఐదారు రోజులను ఇంకో విషయంలోనూ గుర్తుంచుకోవాలి. దాణా మార్చిన మర్నాడే ఫలితం కోసం చూసి, మూడో రోజు మళ్లీ మార్చేస్తే ఏ దాణా ఏం చేసిందో ఎప్పటికీ తేలదు. కనీసం రెండు వారాలు ఒకే దాణా వేసి చూడాలి.

ఇప్పటిదాకా మాంసకృత్తులను ఒకే ముద్దగా లెక్కించాం. నిజానికి పిట్టకు కావాల్సింది వాటిలోని అమైనో ఆమ్లాలు. మొక్కజొన్న, సోయా చెక్కతో చేసిన దాణాలో అన్నిటికన్నా ముందు కొరవడేది మిథియోనిన్. 55 కిలోల మొక్కజొన్న, 33 కిలోల సోయా చెక్క కలిపిన వంద కిలోల దాణాలో సహజంగా ఉండే మిథియోనిన్ సుమారు 0.3 శాతం. కావాల్సింది 0.45. ఆ తేడాకు వంద కిలోలకు 150 గ్రాముల డీఎల్ మిథియోనిన్ పొడి చాలు. అది కలపకుండా సోయా ఎంత పెంచినా, మిగతా అమైనో ఆమ్లాలు మిథియోనిన్ కోసం ఎదురుచూసి చివరికి వృథా అవుతాయి. లైసిన్ విషయంలో సోయా ఆదుకుంటుంది. పై పాళ్లలో 1.0 శాతం తేలిగ్గా దాటుతుంది. అదే సోయా చెక్క తీసేసి ఆ 33 కిలోలూ వేరుశనగ చెక్క వేస్తే? ప్రొటీన్ శాతం ఇంచుమించు అంతే చూపిస్తుంది. లైసిన్ మాత్రం 0.7 శాతం దరిదాపులకు పడిపోతుంది. దానికి తోడు వేరుశనగ చెక్కకు బూజు విషాల బెడద. అఫ్లాటాక్సిన్ నేరుగా కాలేయాన్ని కొడుతుంది, పచ్చసొన ముడిసరుకు తయారయ్యేది అక్కడే. చౌకగా వచ్చిందని తెచ్చిన చెక్క గుడ్ల దిగుబడిని రెండు వైపుల నుంచీ కోస్తుంది.

మిథియోనిన్ లోటు రెక్కల్లోనూ కనిపిస్తుంది. ఈకలు సరిగా రావు. పిట్టలు ఒకదాన్నొకటి పొడుచుకోవడానికి ఇరుకు, ఎక్కువ వెలుతురు కూడా కారణాలే గానీ, బోన్లలో పొడుచుకోవడం ఒక్కసారిగా ఎక్కువైతే దాణాలో మిథియోనిన్, ఉప్పు సరిగా పడ్డాయో లేదో చూసుకోవాలి.

మరి ప్రొటీన్ ఎక్కువ వేస్తే? 16 నుంచి 24 శాతం దాకా రకరకాల స్థాయిలు వేసి చూసిన ప్రయోగాలు ప్రపంచమంతా జరిగాయి. వాతావరణాన్ని, జాతిని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అయినా ధోరణి ఒకటే. కింది నుంచి పెంచుతూ పోతే 20 శాతం చుట్టుపక్కల వరకు గుడ్డు బరువు, సంఖ్య పెరుగుతాయి. ఆపైన లాభం సన్నగిల్లుతుంది. 24 శాతం వేసినంత మాత్రాన గుడ్లు ఐదో వంతు పెరగవు. వాడుకోని మాంసకృత్తుల్లోని నత్రజనిని పిట్ట యూరిక్ ఆమ్లంగా మార్చి బయటికి పంపాలి. రెట్టలో తెల్లటి పొర పెరుగుతుంది, షెడ్డులో అమ్మోనియా ఘాటు కళ్లు మండిస్తుంది. ఆ మార్పిడికి శక్తి ఖర్చవుతుంది, ఒంట్లో వేడి పుడుతుంది. శక్తి చాలని దాణాలో ప్రొటీన్ ఎక్కువ వేయడం ఇంకా దండగ. పిట్ట ఆ ప్రొటీన్‌నే కాల్చి కేలరీలుగా వాడుకుంటుంది. ఖరీదైన సోయాను మొక్కజొన్న చేయాల్సిన పనికి పెట్టినట్టవుతుంది.

ఎండాకాలపు దాణాను ఈ వెలుగులో చూడాలి. తిండి తగ్గింది కాబట్టి ప్రొటీన్ శాతం పెంచుదామన్న ఆలోచన సగమే సరైనది. ముడి ప్రొటీన్ పెంచితే ఒంటి వేడి పెరుగుతుంది. ప్రొటీన్‌ను 19, 20 శాతం దగ్గరే ఉంచి, మిథియోనిన్‌ను 0.5 శాతానికి, లైసిన్‌ను 1.1 పైకి విడిగా చేర్చి పెంచడం మెరుగు. శక్తి కోసం మొక్కజొన్నలో కొంత తగ్గించి నూనె కలపాలి. పిండి పదార్థం, మాంసకృత్తుల కన్నా కొవ్వు అరిగేటప్పుడు పుట్టే వేడి తక్కువ. దుమ్ము తగ్గి దాణా రుచిగా ఉంటుంది, నూనెలోని లినోలిక్ ఆమ్లం గుడ్డు బరువుకూ సాయపడుతుంది. తొట్టి నింపే వేళ కూడా మార్చాలి. తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక తాజా దాణా వేస్తే మధ్యాహ్నం మానేసిన తిండిలో కొంత అప్పుడు తింటాయి.

సాయంత్రపు మేత కౌజుల విషయంలో మరో కారణంగానూ ముఖ్యం. కోళ్లు పొద్దున పెడితే, కౌజులు ఎక్కువగా మధ్యాహ్నం మూడు నుంచి సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య గుడ్లు పెడతాయి. మరుసటి గుడ్డుకు పెంకు కట్టే పని రాత్రంతా, తెల్లారి కూడా సాగుతుంది. రాత్రికి ముందు పొట్టలో కాస్త గరుకైన షెల్ గ్రిట్ (గుల్లల పలుకులు) ఉంటే అది మెల్లగా కరుగుతూ కాల్షియం అందిస్తుంది. మెత్తటి సున్నపురాయి పొడి త్వరగా జారిపోతుంది. రెండూ సగం సగం వాడటం మంచి పద్ధతి.

దాణా సొంతంగా కలుపుకునేవారికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. 55 కిలోల మొక్కజొన్న, 33 కిలోల సోయా చెక్క, 2 కిలోల నూనె, 6.5 కిలోల షెల్ గ్రిట్, రాయి పొడి, కిలోన్నర డీసీపీ (డై కాల్షియం ఫాస్ఫేట్), మిగతా రెండు కిలోలు ఉప్పు, ఖనిజాలు, విటమిన్లు, మిథియోనిన్ వగైరా అనుకుంటే ప్రొటీన్ 19.7 శాతం వస్తుంది. శక్తి మాత్రం సుమారు 2,750 దగ్గరే ఆగిపోతుంది. పెంకు కోసం వేసే సున్నపు సరుకులో ఒక్క కేలరీ లేదు, పది కిలోల చోటు వాటికీ ఇతర ఖనిజాలకూ పోయింది. 2,900కు చేరాలంటే మొక్కజొన్న తగ్గించి నూనె ఐదు కిలోల దాకా వెళ్లాలి, ఖర్చు పెరుగుతుంది. నిజానికి 2,750, 19.7 అంకెల మధ్య నిష్పత్తి దాదాపు 140. అది పిట్టకు అనుకూలమైనదే. చలికాలంలోనూ వర్షాకాలంలోనూ ఆ లోటును పిట్ట గ్రాము, గ్రామున్నర ఎక్కువ తిని పూడ్చుకుంటుంది. 2,900 కోసం పట్టుబట్టాల్సింది తిండి తగ్గే ఎండాకాలంలోనే.

కోడి లేయర్ దాణా తప్ప వేరే దారి లేని చిన్న ఫారాలకూ ఉపాయం ఉంది. 17 శాతం ప్రొటీన్ ఉన్న లేయర్ దాణా 90 కిలోలకు 10 కిలోల సోయా చెక్క, 2 కిలోల నూనె కలిపితే ప్రొటీన్ 19.4 శాతానికి, శక్తి సుమారు 2,700కు చేరుతుంది. కోడి దాణాలో కాల్షియం 3.5 శాతం పైనే ఉంటుంది కాబట్టి సోయాతో కొంత పలచబడ్డా లోటు రాదు. పిల్లలకు మాత్రం ఈ దాణా వద్దు. ఆ కాల్షియం వాటి మూత్రపిండాలకు చేటు. వాటికి 24 శాతం ప్రొటీన్, 0.8 శాతం కాల్షియం ఉన్న మేత కావాలి. ఈ దశలో ప్రొటీన్ కోస్తే ఒళ్లు ఎదగక గుడ్డుకు రావడమే వారం, రెండు వారాలు ఆలస్యమవుతుంది. ఎదగని ఒళ్లతో గుడ్డుకొచ్చిన పిట్టలు చిన్న గుడ్లు పెడతాయి, వాటిలో కొన్నిటికి గుద భాగం బయటికి రావడమూ కనిపిస్తుంది.

ఎంత బాగా లెక్కగట్టి కలిపినా, పిట్ట ముక్కు దాన్ని మార్చేయగలదు. కౌజు దాణాను ముక్కుతో పక్కలకు చిమ్ముతూ తింటుంది, పలుకులను ఏరుకుంటుంది. మొక్కజొన్న పెద్ద పలుకులుగా పడితే ఉదయం వాటినే ఏరి తినేస్తుంది. మధ్యాహ్నానికి తొట్టి సగం నిండుగానే ఉంటుంది, వేలితో కదిపితే ఉండేది సోయా పొడి, ఖనిజాల దుమ్ము. ఉదయం తిన్నది 10 శాతం ప్రొటీన్ దాణా, మధ్యాహ్నం మిగిలింది ఎవరూ తినని 30 శాతం దాణా. పలుకులు చిన్నవిగా, ఒకే సైజులో ఆడించడం, తొట్టిని మూడో వంతు మించి నింపకపోవడం, పాతది పూర్తయ్యాకే కొత్తది వేయడం, ఈ మూడూ పైసా ఖర్చు లేని పనులు. తినే గుడ్ల కోసమే పెంచుతుంటే మగ పిట్టలను ఉంచాల్సిన పనీ లేదు. మూడు వారాలకే రొమ్ము ఈకలు ఇటుక రంగులో ఉన్నవి మగవి, మచ్చలున్నవి పెట్టలు. పెట్ట గుడ్డు పెట్టడానికి మగ పిట్ట అక్కర్లేదు, అది తినే ఇరవై గ్రాములు మాత్రం రోజూ పోతాయి.

గుడ్లు తగ్గినప్పుడు లోటు శక్తిదా, ప్రొటీన్‌దా అని తేల్చుకోవడానికి మూడు తూకాలు చాలు: వారానికోసారి వంద గుడ్ల బరువు, ఇరవై పిట్టల బరువు, రోజూ తిన్న దాణా. గుడ్డు బరువు తగ్గి, పిట్ట బరువు నిలకడగానో కొంచెం పెరుగుతూనో ఉంటే అనుమానించాల్సింది ప్రొటీన్‌ను, అందులోనూ ముందు మిథియోనిన్‌ను. పిట్టలు చిక్కిపోతూ గుడ్ల సంఖ్య పడిపోతే శక్తి చాలడం లేదు. రెండూ బాగుండి పెంకులు పలచబడితే కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి వైపు చూడాలి. దాణా తినడం తగ్గకుండా, బరువులూ తగ్గకుండా గుడ్లు మాత్రమే తగ్గితే దాణాను తిట్టేముందు దీపాలు చూడాలి. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు లేకపోతే ఎంతటి దాణా వేసినా పిట్ట గుడ్డు మానేస్తుంది. రాత్రి కరెంటు కోతలున్న చోట ఇది తరచూ జరిగేదే.

చివరికి ఖర్చు విషయం. దాణా ధరను కిలోల్లో పోల్చుకోవడం అలవాటు. పిట్ట కొనేది కిలోలను కాదు, కేలరీలను. 2,900 కేలరీల దాణా ధర 2,600 కేలరీల దాణా కన్నా పదకొండు శాతం ఎక్కువున్నా, తిండి ఆ మేరకు తగ్గుతుంది కనుక రోజు ఖర్చు దాదాపు సమానం. ప్రొటీన్‌నూ అదే పాళ్లలో పెంచిన దాణా అయితేనే ఈ పోలిక చెల్లుతుంది. కాబట్టి రెండు బస్తాల మధ్య ఎంచుకునేటప్పుడు ధరను కేలరీలతో భాగించి ఒక అంకె, నెల తిరిగాక దాణా ఖర్చును అమ్మిన గుడ్ల మొత్తం బరువుతో భాగించి ఇంకో అంకె రాసుకోవాలి. రెండో అంకె తక్కువ ఉన్న దాణాయే ఆ షెడ్డుకు, ఆ కాలానికి చౌక దాణా.